చెలిమ కల్లు శంకరవ్వ

శంకరవ్వ లొట్లను కులపోళ్లు కల్లు అమ్మే మండువలో నలుగురి ముందు పగలగొట్టించారు. వాటిలోని కల్లు పాడైపోలేదు, తాగి ఎవరికీ కడుపు నొవ్వలేదు. కల్లు చల్లగా ఉంది, అదే తప్పు. పగలగొట్టింది వేరెవరో కూడా కాదు, ఆమె భర్త అంతయ్య. కులపెద్ద దశరథం కర్ర తెచ్చి అతని చేతిలో పెట్టి, "నువ్వే కొట్టు" అన్నాడు. అంతయ్య కుంటికాలు మీద నిలబడి, తాటిచెట్ల కింద వరుసగా ఉన్న లొట్లను ఒక్కొక్కటే కొట్టుకుంటూ పోయాడు. శంకరవ్వ ఏడవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. ఆఖరి లొట్టి దగ్గర మాత్రం, "దానికి పగులున్నది, మెల్లగ కొట్టు. పెంకు కండ్లల్ల వడ్తది" అన్నది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఎండాకాలం సంగతి ఇది. మా ఊరు ఖానాపూర్ నుంచి కడెం పోయే తొవ్వలో వాగు ఒడ్డున ఉంటుంది. మేం సాలోళ్లం. మా బాపు కొమురెల్లి మగ్గం గుంటలోంచి లేచాడంటే మండువకే పోయేవాడు. బాపును ఇంటికి తీసుకురమ్మని అవ్వ నన్ను పంపేది. అప్పటికి నాకు మీసాలు వచ్చాయి. పోయి అక్కడే కూర్చునేవాణ్ని. అందుకని ఇది నేను విన్న కథ కాదు, చూసింది.

చల్లగా ఉండటం తప్పెట్లా అయిందో తెలియాలంటే మా ఊరి పద్ధతి చెప్పాలి.

రాత్రంతా చెట్టు మీద ఊరిన కల్లును తెల్లవారక ముందే దించితే అది చల్లగా, తియ్యగా ఉంటుంది. దించటం ఆలస్యమైతే ఎండ చెట్టు మీదనే లొట్టిని ఉడికిస్తుంది. ఆ పగటి కల్లు నురగ కక్కుతుంది, గొంతు గీరుతుంది, కడుపు ఉబ్బిస్తుంది. ఏ లొట్టి ఎప్పుడు దించిందో మా ఊళ్లో కల్లు గీసే గౌండ్లవాళ్లు చెప్పరు, తాగేవాళ్లు అడగరు. అడిగితే గౌండ్లాయన మీద నమ్మకం లేదన్నట్టు. అందుకని నోటితో కాకుండా చేతితో అడుగుతారు. కూర్చునే ముందు లొట్టి కడుపు మీద అరచేయి ఆనిస్తారు. పొద్దుటి కల్లును నీడన తడి ఆకుల కింద దాస్తే సాయంత్రం దాకా అందులో ఎంతో కొంత చల్లదనం మిగులుతుంది. పగటి కల్లుకు ఆ చల్లదనం ఎన్నటికీ రాదు. అరచేతికి చల్లగా తగిలితే పొద్దుటిది, వెచ్చగా తగిలితే పగటిది. దీన్ని కడుపు చూడటం అనేవాళ్లు. కడుపు చూశాక ఇక మాట ఉండదు. మా తాతలనాటి నుంచీ ఇంతేనట. తాతలు చేసినదంతా మంచిదే అని నేను అనను, కానీ ఇది చాలాకాలం నడిచింది.

అంతయ్యది కూడా మొదట్లో పొద్దుటి కల్లే. లొట్లు పగలడానికి ముందటి ఏడు, నడుముకు కట్టుకునే మోకు జారి చెట్టు మీంచి పడ్డాడు. ప్రాణం దక్కింది గానీ తుంటి ఎముక తిన్నగా అతకలేదు. పొద్దున్నే లేస్తే నడుం కట్టెలాగ బిగుసుకుని ఉండేది. పొద్దు నెత్తి మీదికి వచ్చి ఒళ్లు కాగితే తప్ప కాలు వంగేది కాదు. అతను చెట్టెక్కేసరికి మిగిలినవాళ్లు కల్లు దించి, సగం అమ్ముకుని, నీడన పండుకుని ఉండేవాళ్లు. అతని లొట్టి మీద చేయి పెట్టినవాళ్లు చేయి తీసి పక్క లొట్టి దగ్గరికి పోయేవాళ్లు. ఎవరూ ఒక్క మాట అనేవాళ్లు కాదు. ఆ మర్యాదే అంతయ్యను, శంకరవ్వను ముంచింది.

ఏటా దసరా ముందర కులపోళ్లు కూర్చుని చెట్లు పంచుకుంటారు. చెట్టుకింత అని సర్కారుకు కట్టాలి కాబట్టి కల్లు అమ్ముడుపోనివాడికి చెట్లివ్వరు. అంతయ్యకు ఆ భయం పట్టుకుంది. చెట్లు పోతే కూలికి, కైకిలికి పోవాలి, కుంటివాణ్ని కైకిలికి ఎవరూ పిలవరు. దానికన్నా ఇంకో బాధ అతనిది. "చెట్లు వోతే నేను గౌండ్లోణ్ని గాను. ఉత్త అంతయ్యను" అని మా బాపుతో అనేవాడు.

అప్పుడు శంకరవ్వ చెలిమ పని మొదలుపెట్టింది.

ఎండాకాలం వాగు ఎండిపోతే ఇసుకలో గుంట తవ్వుతాం, అడుగున నీళ్లూరతాయి. ఊరంతా ఆ చెలిమ నీళ్లే తాగుతుంది. శంకరవ్వ ఊరి చెలిమకు దూరంగా, మద్దిచెట్టు నీడపడే చోట తనకొక చెలిమ తవ్వుకుంది. మొదట లొట్టిని నీళ్లలోనే ముంచింది. కల్లు మరీ చల్లబడి, రుచి చచ్చి, కుండ కడిగిన నీళ్లలాగ అయింది. తర్వాత నీళ్లలో కాకుండా, చెలిమ పక్కన తడి ఇసుకలో మెడ దాకా పాతింది. పైన తడి గోనె కప్పింది. జనం మండువకు వచ్చే ముందు తీసి కాసేపు నీడన పెట్టింది. కల్లు పోసుకుని తాగే తాటాకు రేకలను కూడా తడిపి ఉంచింది. కల్లు ఎంత చల్లగా ఉండాలని నేను తర్వాత ఒకసారి అడిగితే ఇట్లా చెప్పింది:

"పెదివికి సల్లగ తాకాలె అల్లుడా, పండ్లకు తాకద్దు. పండ్లు జివ్వుమన్నయంటే నాలికె మొద్దువడ్తది. ఇగ నువ్వు తాగేది కల్లో నీళ్లో నీకే ఎర్కుండది. ఎచ్చగుంటే ఒగరు ముక్కుల కొడ్తది. గా రెంటికి నడుమ ఉండాలె."

మా బాపు ఆమెను చెల్లె అని పిలిచేవాడు కాబట్టి నాకు ఆమె అత్త. నేను పుస్తకాలు చదువుతానని ఆమెకు ఎగతాళి. "కల్లెట్లుండాల్నో నీ బుక్కుల రాయలేదా" అని కూడా అన్నది.

మొదటిరోజు మా బాపు ఆ లొట్టి కడుపు మీద చేయి పెట్టి, తీయకుండా అట్లనే ఉండిపోయాడు. రేక తాగి, ఇంకో రేక పోయించుకుని, మండువంతా వినేటట్టు అన్నాడు:

"చెల్లె, అంతయ్య బావ మల్ల లేసిండు పో. గీ పొద్దుగాల కల్లు జూడుండ్రి, మంచు లెక్కున్నది."

"తాగన్నా. మాట్లాడుకుంట కూసుంటే ఎచ్చగైతది" అన్నది శంకరవ్వ.

ఇది పొద్దుటి కల్లు అని ఆమె అనలేదు, కాదని కూడా అనలేదు. అంతయ్య నడుం బాగైందని, మళ్లీ తెల్లవారక ముందే ఎక్కుతున్నాడని ఊరు తనంతట తనే అనుకుంది. చేతికి చల్లగా తగిలింది కాబట్టి పొద్దుటిదే. పగటి కల్లును చల్లబరచవచ్చన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. సాయంత్రమయ్యే సరికి ఆమె లొట్లు ఖాళీ అయ్యేవి, దశరథం లొట్లు మిగిలేవి.

దశరథానికి అంతయ్య వరుసకు తమ్ముడు. ఒకరోజు మిట్టమధ్యాహ్నం తొవ్వన పోతూ, అంతయ్య చెట్టు దిగుతుంటే చూశాడు. పలకరించకుండా పోయాడు. సాయంత్రం మిగిలిన గౌండ్లవాళ్లందరినీ వెంటబెట్టుకుని మండువకు వచ్చి శంకరవ్వ లొట్టి మీద చేయి పెట్టాడు.

"శంకరవ్వా, గిది ఎప్పటిది?"

ఆ ప్రశ్న మండువలో ఎవరూ ఎప్పుడూ వినలేదు. తాగుతున్నవాళ్లు రేకలు దించారు.

"నువ్వడుగుతున్నవా బావా? మనల అడగరు గద" అన్నది శంకరవ్వ.

"అడుగుతున్న."

"పగటిది."

"మరి గింత సల్లగెందుకున్నది?"

"చెలిమల వెట్టిన."

"చెలిమల వెడితే పగలు పొద్దుగాలైతదా?"

"కల్లు పగటిదే. సల్లదనం చెలిమది. జర తాగి చూడు, బాగలేకుంటే అప్పుడను."

"తాగుడెందుకు? కడుపే అవద్దమాడ్తుంటే."

హనుమండ్లు అని ఇంకో గౌండ్లాయన వెనక నుంచి, "రేపు గీ అంతయ్యను గూడ చెలిమల వెట్టి, ఇరవై ఏండ్ల పిలగాడని అమ్ముతది" అన్నాడు. జనం నవ్వారు. మా బాపు కూడా నవ్వాడు.

"మీరు ఎప్పటిదని అడిగిండ్రా? నేను పొద్దుగాలదని చెప్పిన్నా?" అన్నది శంకరవ్వ.

"అడగరనే ధైర్నం తోటే గద చేసినవు" అన్నాడు దశరథం.

దశరథం అన్న మాటల్లో అదొక్కటే నిజమని నేను ఇప్పటికీ అనుకుంటాను. అబద్ధమాడిన లొట్టిని ఉంచకూడదని కులం కట్టుబాటు ఉందన్నారు. అంతకు ముందు ఆ కట్టుబాటు గురించి విన్నవాళ్లు మా ఊళ్లో లేరు. తర్వాత జరిగింది ముందే చెప్పాను.

పెంకులు ఏరి పారేసిన మర్నాడే శంకరవ్వ కుమ్మరి ఇంటికి పోయి కొత్త లొట్లు తెచ్చింది. అంతయ్య మధ్యాహ్నం ఎక్కాడు, ఆమె చెలిమలో పెట్టింది, సాయంత్రం మండువకు తెచ్చింది. ఈసారి లొట్టి మెడకు తడి గోనెపీలిక కట్టి, వచ్చినవాళ్లు చేయి పెట్టకముందే చెప్పటం మొదలుపెట్టింది.

"గిది పగటి కల్లు. చెలిమల వెట్టిన. సల్లదనం జూసి మోసవోకుండ్రి, రుచి జూసి తాగుండ్రి."

జనం ఆమె ముఖం చూడలేకపోయారు. చెప్పకూడని మాట ఒక ఆడమనిషి సంతలో అరిచినట్టు అరుస్తుంటే తల వంచుకుని పక్కకు పోయారు. మా బాపు ఒక్కడు మొహమాటానికి రేక పట్టాడు. ఒక్క గుక్క తాగి ఉమ్మేశాడు.

"గొంతు గీరుతుంది చెల్లె."

"మొన్న తాగింది గిదే అన్నా. మంచు లెక్కున్నదంటివి."

"మొన్న నువ్వు చెప్పలే గద."

ఆ మాట అన్నందుకు నేను మా బాపును చాలా రోజులు క్షమించలేదు. ఆయన అబద్ధమాడాడని కాదు, ఆయన గొంతు నిజంగానే గీరింది. మొన్నటి దాకా తియ్యగా దిగిన కల్లు, పేరు తెలియగానే గీరింది. మనవాళ్లు ఇట్లాగే తాగుతారు, ఇట్లాగే ఓట్లేస్తారు, ఇట్లాగే పిల్లనిస్తారు.

వారం దినాలు శంకరవ్వ కల్లు అమ్ముడుపోలేదు. ఇంట్లో అంతయ్య బతిమాలాడు. "ఊకుండరాదే. వాళ్లకు చెయ్యి వెట్టి చూసుడే అలవాటు. నువ్వు జెప్పకుంటే మల్లొస్తరు."

"వస్తరు. మల్ల మీ అన్న వచ్చి నీ చేతికి కర్రిస్తడు" అన్నది ఆమె.

అప్పుడు కడెం దగ్గర ప్రాజెక్టు పని నడుస్తుండేది. మట్టిపనికి పాలమూరు నుంచి వచ్చిన వాళ్లు బండ్ల మీద మా ఊరి మీదుగా పోయేవాళ్లు. ఒకరోజు వాళ్ల మేస్త్రి బుచ్చిరాములు బండి ఆపి మండువలోకి వచ్చాడు. అతనికి మా పద్ధతి తెలియదు. లొట్టి కడుపు వైపు కూడా చూడలేదు. నేరుగా శంకరవ్వనే అడిగాడు.

"అవ్వా, ఎప్పుడు దించిండ్రు దీన్ని?"

తాగేవాడు నోటితో అడగటం శంకరవ్వకూ అదే మొదలు.

"పగటీలి దించిండ్రు. చెలిమల వెట్టి సల్లగ జేసిన."

"ఒక రేక పొయ్యి."

తాగాడు. పెదవులు తుడుచుకున్నాడు. "ఎండల వడి వచ్చినోనికి గింతే సల్లగుండాలె. మంచు లెక్కుంటే గుండె వట్టుకుంటది" అని, బండి వైపు తిరిగి మిగిలినవాళ్లను కేకేశాడు.

ఆనాటి నుంచి పనివాళ్ల బండ్లు మండువ దగ్గర ఆగటం అలవాటైంది. వచ్చినవాడల్లా ఎప్పటిదని అడిగేవాడు, ఆమె చెప్పేది. వానలు పడేదాకా ఆమె లొట్లు మిగలలేదు. అంతయ్య ఈ ఏడు చెట్లకు ఢోకా లేదని మా బాపుతో అన్నాడు. నడుం ఎప్పటిలాగే ఉన్నా అతను తల పైకెత్తి నడవటం అప్పుడే చూశాను.

అయితే పనివాళ్లను చూసి మా ఊరివాళ్లకు కూడా నోరు వచ్చింది. మా బాపే ఒక సాయంత్రం దశరథం లొట్టి మీద చేయి పెట్టి, అది అంత చల్లగా లేకపోయేసరికి, "దశరథం బావా, గిదెప్పటిది" అని అడిగాడు. దశరథం నింపిన రేకను నేల మీద పారబోసి, "సాలోడు గూడ నన్నడిగెటోడైండు" అని లేచిపోయాడు. తర్వాత ఇంకొకడు హనుమండ్లును అడిగాడు. హనుమండ్లు కల్లు పొద్దుటిదే, కానీ ఆ పొద్దు నిన్నటిదని అప్పుడే తేలింది.

దసరా ముందర కులం కూర్చుంది. ఆడవాళ్లు దూరంగా కూర్చోవాలి, శంకరవ్వ దూరంగానే కూర్చుంది. చెట్లన్నీ ఒక్కొక్కరికి పేరు పెట్టి చెప్పి, ఆఖరికి అంతయ్య దగ్గరికి వచ్చారు.

"అంతయ్య చెట్లు అంతయ్యకే ఉండనిద్దాం. కానీ గొక్క మాట. నీ భార్య చెప్పుడు బందు వెట్టాలె" అన్నాడు దశరథం.

అంతయ్యకు అర్థం కాలేదు. "ఏం చెప్పుడన్నా?"

"పగటిదని, పొద్దటిదని. గామె చెప్పవట్టే ఊరందరు మమ్ముల నడుగుతుండ్రు. కులం ఇజ్జత్ వోతుంది. చెలిమల వెట్టుకోనియ్యి, సల్లగ జేసుకోనియ్యి, మాకు ఫికర్ లేదు. నోరు మూసుకోని పొయ్యాలె."

అంతయ్య సంతోషంతో ఆడవాళ్ల వైపు తిరిగాడు. "ఇన్నవానే? గంతే. ఊకుంట అని చెప్పు."

శంకరవ్వ లేచి నిలబడింది.

"బావా, చెప్పకుంటె దొంగనంటిరి. లొట్లు వలగ్గొట్టిస్తిరి. ఇప్పుడు చెప్తె ఇజ్జత్ అంటున్నరు. నేను ఊకుంట, సరే. రేపు నీకు గిట్టకుంటె మల్ల వచ్చి ఎప్పటిదని అడగవా?"

"అడగ."

"ఎట్ల నమ్మాలె?"

"కులపెద్ద మాట."

"మరి గా కడుపు జూసుడేంది? మాట మీద నమ్మకముంటె చెయ్యెందుకు వెట్టవడ్తిరి?"

హనుమండ్లు, "గీమె వకీలు సదువు సదివింది" అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"ఊకోవే, చెట్లు వోతయ్" అన్నాడు అంతయ్య. "నేను చెట్లు లేకుంటె..."

"ఎరికే" అన్నది ఆమె. భర్త వైపు చూడకుండా దశరథంతో, "చెప్పే అమ్ముత. ఒక్కపారి ఆయన చేత లొట్లు కొట్టిచ్చిండ్రు. రెండోపారి ఆయన చేతికి కర్ర రానియ్య" అన్నది.

వాళ్లు చెట్లు మొత్తం తీసేయలేదు. కులంలో అంత దయ ఉంది. వాగవతల అడవి అంచున, ఎలుగుబంటి భయానికి ఎవరూ పోని కొన్ని వంకర చెట్లు అంతయ్య పేర వేశారు. మంచి చెట్లు హనుమండ్లుకు పోయాయి. ఇంటికి పోయేటప్పుడు అంతయ్య ముందు, శంకరవ్వ వెనక నడిచారు. అతను ఆమెతో నెల రోజులు మాట్లాడలేదని మా అవ్వ చెప్పింది. కానీ మర్నాడు మధ్యాహ్నం మోకు భుజాన వేసుకుని వాగు దాటాడు. చచ్చేదాకా ఆ చెట్లే ఎక్కాడు.

ప్రాజెక్టు పని అయిపోయాక పాలమూరు వాళ్లు వెళ్లిపోయారు. శంకరవ్వ కల్లు కొద్దిగా అమ్ముడుపోయేది, కొద్దిగా మిగిలేది. ఈలోగా దశరథం వాగులో తనకొక చెలిమ తవ్వించుకున్నాడు. తర్వాత హనుమండ్లు, తర్వాత అందరూ. ఒక ఎండాకాలం చూస్తే మద్దిచెట్టు కింద ఇసుకంతా లొట్ల మూతులే. అన్ని లొట్లూ చల్లగా ఉంటే ఇక కడుపు చూసేదేముంది? ఆ అలవాటు పోయింది. నోటితో అడగటం కూడా నిలవలేదు, అడిగితే కసురుకుంటారని జనం మానుకున్నారు. ఇప్పుడు మా మండువలో పొద్దుటిది, పగటిది, నిన్నటిది అన్నీ ఒక్కతీరుగా చల్లగా ఉంటాయి. ఆ కొత్త పద్ధతి తామే కనిపెట్టామని దశరథం కొడుకులు చెప్పుకుంటారు.

అంతయ్య జ్వరంతో పోయాడు. ఆ వంకర చెట్లు ఎవరికీ అక్కరలేక గీయకుండా ఉండిపోయాయి. శంకరవ్వ నాట్లకు, కలుపులకు పోయి బతికింది.

నేను మా బాపు మగ్గం వదిలేసి బెల్లంపల్లి బొగ్గుబాయి పనికి పోయాను. అక్కడ ఆఫీసర్లు సాయంత్రం పూట సీసాలు మంచుగడ్డల్లో పాతిపెట్టుకుని బీరు తాగుతారు. పండ్లు నొచ్చి మొహం చిట్లిస్తూనే, బాగుందంటూ తాగుతారు. వాళ్లను చూసినప్పుడల్లా శంకరవ్వ యాదికొచ్చేది. పోయిన ఎండాకాలం ఊరికి పోయేటప్పుడు మంచిర్యాల దుకాణంలో ఒక బీరు సీసా కొని తువ్వాలలో చుట్టి తీసుకుపోయాను. ఆమెను చూడటం అదే ఆఖరు. వానాకాలంలో చనిపోయిందని మా అవ్వ కబురు పంపింది.

ఆ ఎండాకాలం నేను పోయిన రోజు ఆమె వాగులో కనిపించింది. తాగే నీళ్ల కోసం చెలిమలో ఇసుక తోడుతూ ఉంది. సీసా చేతికిస్తే, అలవాటు కొద్దీ దాని కడుపు మీద అరచేయి పెట్టింది.

"దీని పెయ్యి గాలుతుంది గదరా. జరమొచ్చినట్టున్నది."

"బస్సుల వచ్చింది గదత్తా. ఆఫీసర్లయితె మంచుగడ్డలల్ల వెడ్తరు."

"వాళ్ల పండ్లూడ" అని, చెలిమ పక్కన తడి ఇసుక తవ్వి మెడ దాకా పాతింది. పైన కొంగు తడిపి పిండింది. చాలాసేపు కూర్చున్నాం. మా బాపు ఎట్లున్నాడని అడిగింది. దగ్గుతున్నాడన్నాను. మగ్గం గుంటలో తేమకు దగ్గొస్తుందని, ఎండన కూర్చోబెట్టమని చెప్పింది. మధ్యలో రెండుసార్లు ఇసుకలో వేలు దింపి చూసింది, ఇంకా కాలేదన్నది. మూడోసారి సీసా పైకి తీసి, కాసేపు నీడన పెట్టి, అప్పుడు తెరవమన్నది.

నేల మీద పడి ఉన్న తాటాకు చింపి రేక చేసింది. మొదటి చుక్కలు ఎల్లమ్మకని ఇసుక మీద వదిలింది. తర్వాత ఒక గుక్క తాగి, నోట్లో ఉంచుకుని, మింగింది.

"యాప చెట్టు కల్లు లెక్క చేదున్నది. పాడు గాదు. పెదివికి సల్లగ తాకింది, పండ్లకు తాకలే."

"బాగున్నదా?"

"ఎప్పటిదిది?"

"నాకేమెరుక అత్తా."

"అడగలేదా దుకాణపోణ్ని?"

"అడిగితె నవ్వుతడు. గట్ల ఎవరడగరు."

ఆమె సీసాను ఇటూ అటూ తిప్పి చూసింది. మళ్లీ దాని కడుపు మీద అరచేయి పెట్టి, తీసి, సీసాను నా చేతికిచ్చింది.

"సల్లగ నేను జేసిన. ఎప్పటిదో వాడు చెప్పాలె గద అల్లుడా" అన్నది.